మా మామ గుర్రం కాదని రాయించుకొచ్చిన వైనం

మా మేనమామ గుర్రం లింగయ్యా నేనూ కలిసి, హుజూర్‌నగర్ పక్కనున్న మా ఊరి నుంచి అమ్రాబాద్ గుట్టల దాకా పోయి, పదమూడో రోజుకు తిరిగొచ్చాం. మా వాడలో నల్లగొండ చూసినవాళ్ళే వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది. దేవరకొండ దాటినవాళ్ళు నాకు తెలిసి ఎవరూ లేరు. అందుకని తీరిగ్గా కూచుని రాస్తున్నాను. ఆ దిక్కు పోయినవాళ్ళెవరైనా ఇది చదివితే తప్పులు పట్టొద్దు, నాకు కోపం తొందరగా వస్తుంది.

ఎందుకు పోయామంటే

పోయిన పెద్ద యుద్ధంలో మామ నిజాం సర్కారు రిసాలాలో సాయిసు. రిసాలా అంటే గుర్రపు ఫౌజు. సాయిసు అంటే గుర్రాన్ని కడిగి, తోమి, మేపేవాడు. సవారు గుర్రం మీద కూచుంటే సాయిసు గుర్రం కింద ఉంటాడని మామే చెప్తాడు. ఓడెక్కి మిసర్ దేశం, అంటే ఈజిప్టు పోయి, అక్కడి ఇసుకలో మూడేళ్ళు ఉండి వచ్చాడు. వచ్చాక సవార్లకు వెండి తమ్గాలు, సాయిసులకు కంచు తమ్గాలు ఇచ్చారు. తమ్గా అంటే పతకం. తోటి సాయిసులందరికీ వచ్చాయి, మామకు రాలేదు. ఇరవై ఏళ్ళ పైన ఆ సంగతి ఎవరెత్తినా "తమ్గాను కూరొండుకుంటమా?" అని తీసిపారేసేవాడు.

ఇప్పుడు దాంతో పనిపడింది. మా ఊళ్ళో పటేలు ఇంటికి చుట్టాలొచ్చినా, అధికార్లొచ్చినా, మూటాముల్లే మోసేది మా వాడవాళ్ళే. కూలి లేదు, కాదనడానికి లేదు. దాని పేరే వెట్టి. మామకు యాభై దాటాయి, ఎడమ మోకాలు పోయింది. మొన్న వానల్లో పటేలు బావమరిది పెట్టె నెత్తిన పెట్టుకుని పొలం గట్టు మీద జారి పడ్డాడు. పెట్టెకు సొట్ట పడిందని తిట్లు తిన్నాడు, కాలు సంగతి ఎవరూ అడగలేదు. ఆ వారమే ఊరికొచ్చిన తహసీల్దారు మామ గోడు విని, "ఫౌజు తమ్గా ఉన్నవాణ్ణి వెట్టికి పిలవొద్దు. తమ్గాకు హక్కుదారువని కాగితం తీసుకురా, నేను హుకుం రాసిస్తా" అన్నాడు.

మా వాడలో ఉర్దూ చదవడం వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. మిషను బడిలో పంతుల్ని. బడికి దసరా సెలవులు. అత్త నాలుగు రోజుల సద్ది కట్టి, "అల్లుడా, మామను జర పట్టుకోని నడిపియ్యి. దారి పొడుగునా మిసర్ ముచ్చట్లు జెప్పుకుంట యాడనో పడతడు" అంది.

నల్లగొండ

నల్లగొండ రెండు గుట్టల నడుమ ఇరుక్కున్న ఊరు. మా దిక్కు చూపు కృష్ణ దాకా సాగుతుంది. ఇక్కడ ఏ వీధి చివర చూసినా బండరాయే. చాయ అర్ధణా. యుద్ధం వచ్చిందని చెప్పి అందులో చక్కెర బదులు బెల్లం వేస్తున్నారు, ధర మాత్రం చక్కెరదే. నేను హోటలు మనిషితో తగువు పెట్టుకుని తిరిగి చూసేసరికి మామ నా చాయ కూడా తాగేశాడు.

పాత సిపాయిల కాగితాలు చూసే కచేరీలో ఒక మున్షీ ఉన్నాడు. బక్కమనిషి, నోటినిండా పాను. మేము అర్జీ పెట్టి మూడు రోజులు అరుగు మీద కూచున్నాక రిజిస్టరులోంచి నకలు రాసి నా చేతికిచ్చాడు. నా ఉర్దూ నలుగురికీ వినపడాలని గొంతు సవరించుకుని గట్టిగా చదివాను.

"ఘోడా లింగయ్య. రంగు కుమైతు. కుడి మోకాలి మీద తెల్ల మచ్చ. దంతాలు పూర్తి. స్వభావం సాధువు, అయితే కొత్తవారిని కరచును. యుద్ధానంతరం మిసర్ దేశంలో వేలం వేయబడినది."

అరుగు మీద ఎవరో కిసుక్కుమన్నారు.

"కుమైతంటే ఏంది?" అన్నాడు మామ.

"ఎరుపూ నలుపూ కలిసిన గుర్రం రంగు, మామా. నిన్ను గుర్రాల రిజిస్టరులో ఎక్కించారు."

మామకు కోపం వచ్చిన చోటు మాత్రం వేరు. "నేను కరుస్తనా? అల్లుడా, నువ్వు జెప్పు, నేనెన్నడన్న ఎవ్వర్నన్న కరిసిన్నా?"

"నన్ను కరవలేదు. అత్తనడగాలి."

మున్షీ పాను ఉమ్మేసి వచ్చి, మామను వెలుతురులో నిలబెట్టి నోరు తెరవమన్నాడు. మామ తెరిచాడు. మున్షీ లోపలికి తొంగి చూసి తల అడ్డంగా ఊపాడు. "దంతాలు పూర్తని రాసుంది. ఈయనకు పదకొండున్నయి. హులియా, అంటే ఆనవాళ్ళు, కలుస్తలేదు. ఈయన ఆ గుర్రం కాదు."

"మేమనేది కూడా అదే కదా మున్షీ సాబ్!" అన్నాను.

"మరి గుర్రం కాకుంటే గుర్రాల రిజిస్టర్ల ఎందుకున్నడు?"

గొంతు పెంచాను. మున్షీ కూడా పెంచాడు. చివరికి ఆయనే మెత్తబడి దారి చెప్పాడు. మనుషుల రిజిస్టరులో లింగయ్య పేరే లేదు. ఉన్న పేరు గుర్రాలది. గుర్రాన్ని మనిషి చెయ్యడం మున్షీ చేతిలో పని కాదు. అప్పటి రిసాల్దారు, అంటే రిసాలా పెద్ద, రాసిస్తేనే కుదురుతుంది. ఆయన బతికే ఉన్నాడు, అమ్రాబాద్‌లో ఉంటున్నాడు.

బయటికి వచ్చాక నేను ఆపుకోలేక నవ్వాను. మామ నవ్వలేదు. "గీ కాగితం పటేలు జూస్తే ఏమంటడో ఎరికేనా?" అన్నాడు. "సర్కారే గుర్రమని రాసింది, ఇంక మొయ్యడానికేందిరా నొప్పి అంటడు. సచ్చేదాంక మోపిస్తడు."

నా నవ్వు ఆగిపోయింది. కాగితాన్ని నా అంగీ లోపలి జేబులో పెట్టి గుండీ పెట్టుకున్నాను.

బొగ్గు బస్సు

పెట్రోలు యుద్ధానికి పోతోందట. అందుకని దేవరకొండ బస్సు బొగ్గుతో నడుస్తోంది. వెనకాల పీపా అంత పొయ్యి తగిలించి, దాని పొగతో ఇంజను తిప్పుతారు. చదునులో బస్సు మనల్ని మోస్తుంది, ఎత్తు వస్తే మనం బస్సును తోస్తాం. టికెట్టు మాత్రం తోసినవాడికీ తోయనివాడికీ ఒకటే. ఈ అన్యాయం గురించి నేను డ్రైవరుకు చెప్తే, "దిగి నడువుండ్రి పంతులూ, గప్పుడు టికెట్టే ఉండది" అన్నాడు.

మామ మోకాలు పట్టుకుని కుంటుతూనే బస్సు ముందుకు పోయి, బానెట్టు మీద చెయ్యివేసి, "శాబాష్ బేటా, శాబాష్, ఇంక జరంత" అని బుజ్జగించడం మొదలుపెట్టాడు. నోటితో టక్ టక్ మని చప్పుడు చేశాడు. జనం నవ్వారు. అప్పుడే బస్సు ఒక్క ఊపున ఎత్తెక్కింది. తోసిన పన్నెండుమందిమీ మట్టిలో బోర్లా పడ్డాం. ఆ పేరంతా మామకు పోయింది. ఆ తర్వాత ఎత్తు వచ్చినప్పుడల్లా డ్రైవరే "తాతా, జర వచ్చి మాట్లాడు" అని పిలిచాడు.

నా పక్కన కూచున్న గొల్లాయన ఎక్కడికి పోతున్నారని అడిగాడు. నేను తెలివి తక్కువై ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన అంతా విని, మామను కింది నుంచి మీది దాకా చూసి, "వేలం ఎంతకు పోయిండో రాసిన్రా?" అని అడిగాడు. దేవరకొండ దాకా నేను కిటికీ వైపే తిరిగి కూచున్నాను.

దేవరకొండ

ఖిల్లా కింద ఒక ముసలామె పూటకూళ్ళ ఇల్లు నడుపుతుంది. అందరూ బీబమ్మ అంటారు. జొన్నరొట్టె, గోంగూర తొక్కు, ఎండుచేపల పులుసు. మా దిక్కు చేపంటే ఏట్లోంచి తెచ్చి పొద్దున్నే వండేది. ఇక్కడ చేప నాలుగూళ్ళు తిరిగి, ఎండి, వాసన పెంచుకుని వస్తుంది. అయినా అంత రుచి నేనెరగను. ఐదు రొట్టెలు తిన్నాను. నీళ్ళు మాత్రం అడిగి పోయించుకోవాలి, చెంబు మన చేతికివ్వరు. బావి గుట్ట అవతల ఉందట. మజ్జిగేమో అడగకుండానే పోస్తారు. నీళ్ళ దగ్గర పిసినారులు, మజ్జిగ దగ్గర ధర్మరాజులు. ఈ లెక్క నాకు అర్థం కాలేదు.

బీబమ్మకు మామ నచ్చాడు. "భయ్యా, మిసర్ల ఏం తిన్నరు?" అని అడిగింది.

"ఖర్జూరాలు తిన్నం, ఇసుక తిన్నం, రిసాల్దారు సాహెబు తిట్లు తిన్నం."

"గుర్రాలేం తిన్నయి?"

"మాకంటె మంచిగ తిన్నయి బీబమ్మా. మేం సస్తే ఇంకోడు దొరుకుతడు, గుర్రం సస్తే ఓడల రావాలె."

ఆమె నవ్వి, మామకు ఇంకో రొట్టె వేసింది. నాకు వెయ్యలేదు.

డిండి వాగు, మన్ననూరు ఘాటు

దేవరకొండ నుంచి ఎద్దుబండి. డిండి వాగు ఇంకా పారుతోంది. బండివాడు మమ్మల్ని దించి, ఎద్దుల్ని బతిమాలుతూ దాటించాడు. మమ్మల్ని ఎవరూ బతిమాలలేదు. మామ ధోవతి ఎగ్గట్టి, కుంటుతూనే అవతలికి పోయాడు. పంతుల్ని కదా, నేను చెప్పులు చేత్తో పట్టుకుని పోవడం ఏం మర్యాదని వేసుకునే దిగాను. ఎడమ చెప్పు కృష్ణ వైపు పోయింది. ఆ లెక్కన అది నాకంటే ముందు మా ఊరు చేరి ఉండాలి. అచ్చంపేటలో కొత్త జోడు కొనేదాకా ఒంటి చెప్పుతో తిరిగాను. రెండోది పారేయడానికి మనసు రాలేదు.

అచ్చంపేట దాటి మన్ననూరు దగ్గర ఘాటు అనే కొండదారి ఎక్కితే అది వేరే దేశం. గాలి చల్లన. అడవి దారి పక్కనే మొదలవుతుంది, మా దిక్కు పొలం మొదలైనట్టు. ఎత్తు ఎక్కుతుంటే ఒక చెంచు అవ్వ, ఆమె మనవరాలు గంపతో సీతాఫలాలు పట్టుకుని ఎదురొచ్చారు. అణా ఇవ్వబోతే అవ్వ తీసుకోలేదు.

"గది నేనేం జేసుకోను బిడ్డా? ఉప్పుంటే ఇయ్యి."

మా సద్దిమూటలో ఉప్పు ఉంది. గుప్పెడు ఉప్పుకు గంపలో సగం మా ముందు పోసింది. నేను పద్దెనిమిదో, ఇంకా ఎక్కువో తిన్నాను. పంతులుకు ఆ మాత్రం లెక్క తెలియాలి, కానీ పదిహేడో పండు దగ్గర లెక్క తప్పింది. సాయంత్రం దాకా అడవిలో చెట్టు చెట్టుకూ ఆగుతూ నడిచాను. ఒకచోట పొద వెనక ఏదో గుర్రుమంది. పులే అనుకుని కట్టుకున్న ధోవతి వదిలేసి పరిగెత్తి వచ్చాను. అది అడవిపంది అని మామ తేల్చాడు. "మిసర్ల తుపాకులకు నేను గింత ఉర్కలే అల్లుడా" అన్నాడు. ధోవతి తెచ్చిచ్చింది కూడా ఆయనే.

అమ్రాబాద్

రిసాల్దారు సాహెబు ఇల్లు ఊరి చివర. పెంకుటిల్లు, ముందు వసారా. ఆయనకు ఎనభై దగ్గర పడి ఉంటాయి. మెహందీ పెట్టిన గడ్డం, నిటారుగా కూచునే అలవాటు పోలేదు. మామ ఆయన్ని చూడగానే మడమలు కొట్టి సలాం చేశాడు. అంత కుంటిమనిషి అంత సూటిగా నిలబడగలడని నేననుకోలేదు.

"గుర్రం లింగయ్య, సర్కార్!"

ఆయన చెవి దగ్గర చెయ్యిపెట్టుకున్నాడు. "ఏ గుర్రం?"

నేను సంగతంతా గట్టిగా అరిచి చెప్పాను. ఆయన విని మండిపడ్డాడు. "ఝూట్! నా రిసాలల లింగయ్య అన్న గుర్రం లేకుండె. ఒక్క గుర్రం పేరు నేను మర్సిపోలె. సుల్తాన్, గులాబ్, తూఫాన్, చాంద్, దిల్‌దార్..." అని మొదలుపెట్టాడు. ఆపడం ఎవరి వల్లా కాలేదు. ఒక్కో గుర్రానికి పేరు, రంగు, తల్లి ఎవరో, ఏ కాలు తెలుపో. ఆయన కూతురు రెండుసార్లు చాయ ఇచ్చింది. రెండోసారి ఇస్తూ మెల్లగా, "డెబ్బై గుర్రాలు దాటినయా? అయితే సగం అయినట్టే" అని నాకు ధైర్యం చెప్పింది.

ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు మామ చేతులు జోడించాడు. "నేను గుర్రం కాదు సర్కార్, మనిషిని. మీ సాయిసును. మూడేండ్లు మీ డేరా ముంగటనే పన్న."

ఆయన మామ ముఖంలోకి చూశాడు. "మనుషులు నాకు యాదుండరు" అన్నాడు, ఏమాత్రం సిగ్గుపడకుండా.

మామ తలపాగా తీసి మళ్ళీ చుట్టుకున్నాడు. నాకు ఒళ్ళు మండింది. ఇన్ని గుట్టలెక్కి, చెప్పు పోగొట్టుకుని, కడుపు పాడు చేసుకుని వచ్చింది ఈ మాటకా! జేబులోంచి నకలు తీసి ఆయన ఒళ్ళో పడేశాను. "మీ మున్షీ రాసింది మీరే చదువుకోండి" అన్నాను.

ఆయన అద్దాలు పెట్టుకుని చదివాడు. చదువుతూ చదువుతూ ముఖం మారిపోయింది. "కుమైతు... కుడి మోకాలు మీద తెల్ల మచ్చ... కొత్తోళ్ళను కరుసుడు. అరే, ఇది బిజిలీ గదా!"

మామ దిగ్గున లేచాడు. "బిజిలీనా?"

బిజిలీ మామ చూసుకున్న గుర్రం. దాని ముచ్చట మా వాడలో పసిపిల్లలకు కూడా కంఠతా వచ్చు. మామకు అప్పుడు గుర్తొచ్చింది. మిసర్‌లో ఓడ దిగిన రోజు, ఉత్తరాది నుంచి కొత్తగా వచ్చిన మున్షీ రిజిస్టరు పట్టుకుని వరస వెంట నడిచాడు. మామ బిజిలీ కళ్ళెం పట్టుకుని నిలబడ్డాడు. మున్షీ గుర్రాన్ని చూపించి పేరేమిటని అడిగాడు.

"నన్నడుగుతుండనుకున్న సర్కార్! గుర్రం లింగయ్య అని జెప్పిన. మా ఇంటి పేరు ముంగట జెప్పుడే మాకలవాటు గద. గుర్రమంటె ఏందని పక్కోణ్ణడిగిండు, వాడు ఘోడా అన్నడు. రాసుకోని పోయిండు."

కూతురు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పరుగెత్తింది. నేనూ నవ్వాను. రిసాల్దారు గడ్డం ఊగేలా నవ్వాడు. మామ మాత్రం కాగితం వైపు చూస్తున్నాడు. చదవడం రాదు ఆయనకు. చివరి వాక్యం ఎక్కడుందో వేలితో చూపించమన్నాడు. చూపించాను.

"వేలం అని రాసింది బిజిలీ ముచ్చటనా?" అన్నాడు. "మీరు గాడ పచ్చిక బీళ్ళల్ల ఇడుస్తమని జెప్పిన్రు గద సర్కార్."

రిసాల్దారు అద్దాలు తీశాడు. "ఓడల జాగ లేకుండె లింగయ్యా. అమ్మితిమి. మీ సాయిసులకు జెప్పే ధైర్యం నాకు లేకుండె."

మామ వసారా మెట్టు మీద కూలబడి, తువ్వాలలో ముఖం పెట్టుకుని ఏడ్చాడు. యాభై ఏళ్ళు దాటిన మనిషి అలా ఏడుస్తుంటే ఏం చెయ్యాలో నాకు తోచలేదు. పక్కన కూచుని వీపు మీద చెయ్యి వేశాను. ఇందాక ఆ కాగితం చూసి నవ్వినందుకు సిగ్గేసింది.

ముసలాయన గోడ పట్టుకుని లేచి వచ్చాడు. "ఇసుక తుఫాను వస్తే నీ కమీజు ఇప్పి బిజిలీ మూతికి కట్టినోడివి నువ్వేనా?"

మామ తలూపాడు.

"మరి ముందే గట్ల జెప్పాలె గదా! పేరు జెప్తె నాకేం ఎరిక?" అని కసురుకుని, ఆయన కూడా కళ్ళు తుడుచుకున్నాడు.

ఆ పూట మమ్మల్ని తన పక్కనే కూచోబెట్టుకుని ఖిచిడీ, చింతపండు ఖట్టా పెట్టాడు. మా ఊళ్ళో పటేలు అరుగు మీద మేము చెప్పులతో నిలబడటానికే లేదు. మామకు మొదట ముద్ద దిగలేదు, తర్వాత బాగానే దిగింది. భోజనమయ్యాక ఆయన తన చేత్తో రాసిచ్చాడు. దాన్ని ఇక్కడ తెలుగులో పెడుతున్నాను. "లింగయ్య అను పేరుగల గుర్రం నా రిసాలాలో ఎన్నడూ లేదు. సదరు హులియా బిజిలీది. బిజిలీని మొదటినుంచి చివరిదాకా సాకిన సాయిసు లింగయ్య. ఇతడు మనిషి అని నా దస్తఖతుతో రూఢి చేస్తున్నాను. కంచు తమ్గాకు ఇతడు హక్కుదారు."

మళ్ళీ నల్లగొండ

మున్షీ ఆ ఉత్తరాన్ని రెండుసార్లు చదివి, ఇంకో చిక్కు తీశాడు. "ఈయన్ని గుర్రాలల్లకెంచి తీసేస్తే ఒక గుర్రం తక్కువైతది. దానికి జవాబు ఎవరు జెప్తరు?"

నేను నోరు తెరిచేలోపే మామ అందుకున్నాడు. "నా పేరు కొట్టి, ఆ జాగల బిజిలీ అని రాయి మున్షీ సాబ్. అది ఉండాల్సిన జాగ అదే."

మున్షీకి లెక్క కుదిరింది. ఎర్రసిరాతో ఒక గీత గీశాడు. లింగయ్య పోయి బిజిలీ వచ్చింది. సాయిసుల రిజిస్టరు చివర్లో కొత్త వరసలో లింగయ్య ఎక్కాడు. తమ్గా మాత్రం చేతికి రాదట, ఇరవై ఏళ్ళ కింద చేసినవన్నీ అయిపోయాయట. హక్కుదారని మొహరుతో కాగితం ఇచ్చాడు. "దంతాల సంగతి ఇప్పుడు సమజైంది" అని సంతోషపడ్డాడు కూడా. హుజూర్‌నగర్‌లో తహసీల్దారు ఇచ్చిన మాట తప్పకుండా హుకుం రాసిచ్చాడు.

మా ఊరు

చేరిన మర్నాడు పొద్దున్నే పటేలు కబురొచ్చింది, చుట్టాలు పోతున్నారు, సామాను మొయ్యాలని. మామ కొత్త తలపాగా చుట్టి, నన్ను వెంటబెట్టుకుని పోయి కాగితాలు రెండూ ఇచ్చాడు. పటేలుకు ఉర్దూ వచ్చు. చదివి, తిప్పి, వెలుతురుకు పెట్టి చూశాడు.

"వెండి తమ్గా గాదు గదరా, కంచుది" అన్నాడు.

"అవ్ దొరా. కంచు గద, మస్తు మోగుతది" అన్నాడు మామ.

పటేలు కాగితాలు నా వైపు విసిరేసి, "పో" అన్నాడు. అంతే. మామ పోయాడు. ఇంటికి పోలేదు. రెండు చేతులూ ఊపుకుంటూ, నెత్తి మీద ఏమీ లేకుండా, పటేలు ఇంటి ముందు వీధిలో ఈ చివరి నుంచి ఆ చివరికి మూడుసార్లు నడిచాడు. చూడటానికి వాడంతా వచ్చింది. అత్త నీళ్ళకుండతో ఎదురొచ్చి, "పనిపాట లేదా? గీ కుండ జర అందుకో" అంది.

"నేను మొయ్య. సర్కారు హుకుం" అన్నాడు మామ.

"గది వెట్టికి. ఇది కాపురం" అని కుండ ఆయన చేతిలో పెట్టింది అత్త. పెట్టి, పక్కకు తిరిగి కొంగుతో ముక్కు తుడుచుకుంది.

ఆ సాయంత్రం మా ఇంటి ముందు అందరూ చేరి అమ్రాబాద్ ముచ్చట చెప్పమన్నారు. చెప్పాను. బస్సు దగ్గర నవ్వారు, దంతాల దగ్గర పడీపడీ నవ్వారు. అంతలో ఎద్దుల మల్లయ్య వచ్చాడు. మా వాడ ఆయనే, నాకు వరసకు మామ అవుతాడు. పొద్దున మామ కాదన్న సామాను మోసి, ఐదు కోసుల దూరం పోయి వస్తున్నాడు. మెడ పక్కకు తిప్పలేకపోతున్నాడు. వచ్చి నా పక్కన కూచున్నాడు.

"పంతులు అల్లుడా, మా ఇంటి పేరు ఎద్దుల గద. నన్ను గూడ ఏ రిజిస్టర్లనో ఎద్దని రాసిన్రేమో. జర చూసి, మనిషని రాయించరాదు?"

అందరూ గొల్లుమన్నారు. నేనూ నవ్వాను. మల్లయ్య నవ్వలేదు. నా జవాబు కోసం చూస్తూ కూచున్నాడు. మామ నవ్వు ఆపి, లోపలికి పోయి నా కలం, కాగితం తెచ్చి నా ముందు పెట్టాడు.

"నీ వయసెంత మామా?" అని మల్లయ్యను అడిగాను.